తప్పుల డానియేలు సారు

డానియేలు సారు ఒక్క ఆకారం పేరు కూడా సరిగ్గా చెప్పిన పాపాన పోలేదు. ఛత్రినాక బడిలో ఒకటో తరగతి పిల్లల ముందు బంతి పట్టుకుని ఘనమంటాడు. ఇటుక చూపించి గోళమంటాడు. పిల్లలు బల్లలెక్కి కాదు కాదని లొల్లి చేస్తే బుర్ర గోక్కుంటాడు. "గట్లనా? మరి గిది దొర్లుతదా? మూలలేడున్నయి?" అని వాళ్లనే అడుగుతాడు.

పక్క గది రాగసుధ టీచరుది. కాకినాడ నుంచి వచ్చిన మనిషి. శంకువు, స్థూపం, ఘనం అన్నీ అట్టతో చేసి, రంగు కాగితాలు అంటించి, పొల్లు పోకుండా చెప్పేది. ఆమె పిల్లలేమో చెవులు పక్క గదికి అప్పజెప్పి కూర్చునేవారు. ఏమీ రానివాడికి ఇంత వైభోగమా అని ఆమెకు ఒళ్లు మండిపోయేది.

అదైనా ఓర్చుకునేదేమో. ఆమె తరగతిలో భాగ్యశ్రీ అనే పిల్ల బడిలో చేరినప్పటి నుంచి పెదవి విప్పలేదు. ఆ పిల్ల తొలి పలుకు తన దగ్గరే పలకాలని రాగసుధ బతిమాలింది, బుజ్జగించింది, ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఒకరోజు ఆమె సెలవు పెడితే పిల్లల్ని సారు గదిలో కూర్చోబెట్టారు. సారు బోనం కుండ తెచ్చి డబ్బా అన్నాడట. కుండ గుండ్రంగ ఉంటదని భాగ్యశ్రీ నోరు తెరిచి చెప్పిందట. మర్నాడు ఆయా మాణిక్యమ్మ ఈ కబురు చల్లగా చెవిన వేసింది. రాగసుధకు ఆ పూట అన్నం సయించలేదు.

తిన్నగా పెద్ద టీచరు సుశీలమ్మ దగ్గరికి వెళ్లి, ఆకారాలే తెలియని మనిషికి పిల్లల్ని ఎలా అప్పగిస్తారని నిలదీసింది. సుశీలమ్మ పడీపడీ నవ్వింది. ఆయన లెక్కల్లో ఎమ్మెస్సీ అట. నోరు లేని పిల్లల కోసమే తప్పు చెబుతాడట. పెద్దవాళ్లను దిద్దే ధైర్యం వస్తే మాట దానంతటదే వస్తుందంటాడట. రాగసుధకు కోపం తగ్గకపోగా, ఈ ఉపాయం తనకెందుకు తట్టలేదని కొత్త మంట మొదలైంది.

మధ్యాహ్నం సారే లూడో పాచిక పట్టుకుని ఆమె గదికి వచ్చాడు. "మేడం, మీరు జర ఆగుండ్రి" అని మెల్లగా ఆమెతో అని, అది శంకువని పిల్లలకు చెప్పాడు. దిద్దబోయిన రాగసుధ నాలుక కరుచుకుంది. కాసేపటికి భాగ్యశ్రీ లేచింది. సారు వైపు కన్నెత్తి చూడకుండా వచ్చి రాగసుధ కొంగు గుంజింది.

"టీచర్, సారుకు ఏం తెల్వదు. నువ్వే నేర్పు."

సారు పోయి, ముందు బల్ల మీద పిల్లల మధ్య ఇరుక్కుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రాగసుధ గొంతు సవరించుకుని ఆయనకు పాఠం మొదలుపెట్టింది.