మా ఆవిడ చీరలూ, నా లైనక్సూ

పెళ్లయిన కొత్తలో నాకొక జబ్బు ఉండేది. ఎవరి కంప్యూటరైనా నెమ్మదిగా నడుస్తోందని తెలిస్తే చాలు, అడగకపోయినా వెళ్లి విండోస్ పీకేసి లైనక్స్ ఎక్కించేవాణ్ణి. (ఎక్కించాక మళ్లీ నన్ను భోజనానికి పిలిచిన ఇళ్లు తక్కువ.) ఆ రోజుల్లో లోకంలోని సమస్యలన్నీ మూడు రకాలని నా గట్టి నమ్మకం: లైనక్స్‌తో తీరిపోయినవి, లైనక్స్ వస్తే తీరబోయేవి, అసలు సమస్యలే కానివి. మా ఆవిడ చెప్పేవన్నీ మూడో రకంలోకి వచ్చేవి.

ఆమెది చేనేత కుటుంబం. మా మామగారు మగ్గాల మీద నేయించి పంపే చీరలను విజయవాడలోని మా అద్దె ఇంట్లోంచి అమ్మేది. చీరలు బీరువాలో, వాటి ఫొటోలు పాత లాప్‌టాప్‌లో. ఆ తెర చూస్తేనే నాకు సర్దేయాలనిపించేది. వెనకాల దేవుడి బొమ్మ కూడా కనపడకుండా అన్నీ ఫొటోలే: ఒక మూల గుంపుగా, ఒక మూల వరసగా, కింద ఒకదాని మీద ఒకటి. దేనికీ పేరు లేదు. కెమెరా ఇచ్చిన నంబరే పేరు.

"ఇది బాగా స్లో అయిందండీ, కాస్త చూస్తారా?" అంది ఒకరోజు. ఆమె అడిగింది అంతే. నాకు మాత్రం అది విముక్తి కోసం పెట్టిన మొర లాగా వినిపించింది.

"ఇప్పుడే మొదలెడతాను."

"ఇవాళ మంగళవారం, వద్దు."

"సాఫ్ట్‌వేర్‌కి వారాలేమిటి?"

"మీ సాఫ్ట్‌వేర్‌కి కాదు, నా వ్యాపారానికి."

అజ్ఞానాన్ని క్షమించి ఆదివారం దాకా ఆగాను. ఆమె వాళ్ల అక్క ఇంటికి వెళ్లగానే ఫొటోలు పక్కకు తీసి, పాత సిస్టమ్ చెరిపేసి, లైనక్స్ ఎక్కించాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? రంగుల వారీగా, అంచుల వారీగా ఫోల్డర్లు చేసి, ప్రతి ఫొటోకీ పేరు పెట్టాను. తెర కడిగిన పళ్లెంలా మెరిసింది. సాయంత్రం ఆమె రాగానే, కొత్త ఇల్లు చూపించేవాడిలా చేయి చాపి చూపించాను.

"నా చీరలేవి?"

"అన్నీ ఫోల్డర్లలో భద్రంగా ఉన్నాయి. ఒక్కటీ పోలేదు."

"అవి కాదండీ, పామర్రు పిన్నిగారివి ఏవి?"

"రంగు చెప్పు, ఒక్క క్షణంలో తీస్తాను."

"రంగేమిటి? కుడివైపు పైన ఉన్నవన్నీ ఆవిడవి!"

అప్పుడు బోధపడింది. మామగారి కొట్లో తెల్లటి పరుపు మీద చీరలు ఎలా పరుస్తారో, ఆమె తెర మీదా అలాగే పరుచుకుంది. నచ్చినవి కుడివైపుకి, తేలనివి కిందికి, అమ్ముడుపోయినవి ఎడమ మూలకి. చోటే గుర్తు, పేరు దేనికి? పామర్రు పిన్నిగారు (మామగారికి పాత ఖాతాదారు, మా పెళ్లికి రాలేదు) కూతురి పెళ్లికి వీడియో కాల్‌లో చూసి, తెర మీద మాత్రమే పక్కన పెట్టించిన చీరలు మర్నాడు పట్టుకెళ్లడానికి వస్తున్నారు. మా ఆవిడకు అదే మొదటి పెద్ద బేరం.

"ఫోన్ చేసి ఆవిణ్ణే అడుగుదాం," అన్నాను.

"మీ చీరలేవో మర్చిపోయామండీ అనా? మళ్లీ మా నాన్న కొట్టు గుమ్మం తొక్కుతారా వాళ్లు? మీరు బ్యాకప్ బ్యాకప్ అంటుంటారుగా, తీయండి."

ఫొటోలకు బ్యాకప్ ఉంది. ఏది ఎక్కడుందో దానికి లేదు. ఈ సంగతి సాంకేతికంగా వివరించబోయాను. ఆమె చూసిన చూపుకి వివరణ సగంలోనే ఆగింది.

మర్నాడు నేను గన్నవరం ఆఫీసుకి సెలవు పెట్టాను. (పెట్టించబడ్డాను.) పిన్నిగారు కూతురితో వచ్చి కూర్చున్నారు. మా ఆవిడ ఏమాత్రం తొణక్కుండా, "వీడియోలో రంగు వేరు, వెలుతురులో రంగు వేరు పిన్నిగారూ. మూట కట్టేముందు ఒక్కసారి ఒంటి మీద చూడండి," అంటూ నా వైపు తిరిగింది. మరుక్షణం నా టీషర్టు మీది లైనక్స్ గుర్తు పెంగ్విన్ బొమ్మ జరీ అంచు కింద మునిగిపోయింది. చీరల కొట్లో కుర్రాడిలా భుజాన పైట వేసుకుని, కుచ్చిళ్లు పట్టుకుని, వెనక్కి తిరుగుతూ బీరువా మొత్తం చూపించాను.

"ఆ, ఇది మనదే!" అంటుంది కూతురు. కుడివైపుకి.

"ఇది కాదు. ఇదెవరిదమ్మాయ్, ఆ రోజు చూపించలేదే? బావుందే, అదీ ఇటు వెయ్యి," అంటారు తల్లి.

పక్కన పెట్టించినవన్నీ దొరికాయి. పైగా రెండు ఎక్కువే వెళ్లాయి. మా ఆవిడ గుండెల నిండా గాలి పీల్చుకోవడం నాకు మాత్రమే వినిపించింది.

"కుర్రాడు బాగానే చూపిస్తున్నాడే. జీతం ఎంతిస్తున్నావ్?" అన్నారు పిన్నిగారు.

"జీతం లేదండీ, అన్నం పెడుతున్నాం. ఇంకా పని నేర్చుకుంటున్నాడు."

పెళ్లయ్యాక ఆమె నన్ను ఏకవచనంలో అనడం అదే మొదటిసారి. నేను భర్తనని, ఇంజనీరునని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ భర్తే, ఆ ఇంజనీరే చీరలన్నీ కలిపేశాడని కూడా చెప్పాల్సి వస్తుందని తోచి, బుద్ధిగా వెనక్కి తిరిగి పైట చూపించాను.

ఆనాటి నాలోని ఆ ఉత్సాహవంతుణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. మా ఆవిడ ఇప్పుడూ లైనక్సే వాడుతోంది. బాగా నడుస్తోందని ఒప్పుకుంటుంది కూడా. తెర నిండా మళ్లీ చీరలే. ఎప్పుడైనా అది ముట్టుకోవాల్సి వస్తే, కొట్లో పరుపు ఎక్కేముందు చెప్పులు విడిచినట్టు ఒక్క క్షణం ఆగి, మౌస్ మీద చెయ్యి వేయకుండా అడుగుతాను: "ఈ మూలన ఉన్నది ఎవరిదోయ్?"