లంక వైపు నుంచి వచ్చిన హెలికాప్టర్

మా చిన్నప్పుడు... బడి డాబా మీద ఆ రోజు నేను నవ్వడం బాబాయి చూశాడా? ముప్పై ఏళ్లు దాటినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

మాది కైకలూరు దగ్గర ఊరు. నాన్న తమ్ముడు మిలిటరీ. శ్రీలంకలో యుద్ధానికి పంపారని ఉత్తరం వస్తే నాన్నమ్మ "మావాడు లంకలో ఉన్నాడండీ" అని చెప్పేది. మా వైపు లంకంటే కొల్లేటి నడుమ ఊళ్లే కదా... "అయితే ఆదివారం పడవెక్కి రావచ్చు కదండీ" అనేవారు పక్కింటివాళ్లు.

బాబాయి తిరిగొచ్చాడు. ట్రంకుపెట్టె నిండా మాకు సబ్బులు, బిస్కెట్లు. భోజనానికి మాత్రం ఎప్పుడూ గోడకి వీపు ఆనించే కూర్చునేవాడు. "యుద్ధం ఎలా ఉంటుంది బాబాయ్?" అంటే "మీ బళ్లో లెక్కలు బాగా చెబుతున్నారా?" అనేవాడు.

ఆ సెలవుల్లోనే కొల్లేరు పొంగింది. ఊరంతా బడి డాబా ఎక్కాం. రెండో రోజు మధ్యాహ్నం హెలికాప్టర్ వచ్చింది, పులిహోర పొట్లాలు వేయడానికి. అందరూ తువ్వాళ్లు, కొంగులు ఊపుతుంటే నేనూ చేతులెత్తాను.

బాబాయి నన్ను లాగి, పిట్టగోడ పక్కన పడుకోబెట్టి పైన కప్పేశాడు. చెంప కింద తడి సిమెంటు... వీపు మీద ఆయన గుండె దడదడ.

"చెయ్యి ఊపకమ్మా. పైనుంచి చూసేవాడికి ఎవరు ఎవరో తెలీదు."

"ఎటు నుంచి వస్తోంది?" అన్నాడు.

"లంక వైపు నుంచి" అన్నాను.

నిజమే చెప్పాను... అటు కొల్లేటి లంకే ఉంది. ఆ మాటకి ఆయన చేతులు ఇంకా బిగుసుకున్నాయి.

హెలికాప్టర్ వెళ్లిపోయాక, పొట్లం విప్పుకుంటూ ఎదురింటి పిన్నిగారు అంది: "ఏవండీ మిలిటరీ బాబుగారూ, పులిహోరక్కూడా భయమేనాండీ?"

డాబా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. బాబాయి వంగి మోకాళ్ల మట్టి దులుపుకుంటున్నాడు. చూశాడో లేదో...

సెలవయ్యాక వెళ్లిపోయాడు. అంతకుముందు ప్రతి ఉత్తరం చివరా నాకని నాలుగు లైన్లు ఉండేవి. తర్వాత ఆగిపోయాయి. నా నవ్వు వల్లా, నేనన్న ఆ లంక వల్లా?

ఇప్పుడాయన తాడేపల్లిగూడెంలో ఉంటున్నాడు. పోయిన నెల వెళ్తే, రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత రన్‌వే వైపు నడుద్దామన్నాడు. దాని మీద ధాన్యం ఆరబోసి ఉంది. ఎక్కడో పైన విమానం వినిపించింది. తలెత్తకుండానే నా మణికట్టు పట్టుకున్నాడు.

"బాబాయ్, ఆ రోజు డాబా మీద..." అన్నాను.

"పులిహోరలో ఉప్పెక్కువైందమ్మా" అన్నాడు.

అంతే. చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు.

ఇప్పుడు వరదొస్తే పిల్లలు హెలికాప్టర్‌ని ఫోన్లో వీడియో తీస్తున్నారు... మీ ఇళ్లల్లోనూ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లుంటే, వాళ్లని ఏమడిగారు, ఏమడక్కుండా వదిలేశారు... రాయండి, చదువుతాను.

నవ్వినందుకు క్షమించమని అడగడం ఆయన కోసమా, నా కోసమా... నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.