అప్పలసూరి టైర్ల కెమెరా

మా ఎదురింటి అప్పలసూరికి ఒక్కటే లారీ. లారీలకు పేరుపడ్డ సాలూరులో ఒక్క లారీ ఉన్నవాణ్ణి యజమాని కింద లెక్కవేయరు, కూలీ కిందా లెక్కవేయరు. స్వతహాగానే ఆయన అనుమానపు మనిషి. టీకొట్టులో గ్లాసు అందుకుంటే ముందు పైకెత్తి అడుగు చూస్తాడు. మోకాళ్లు మొరాయించాక స్టీరింగు చెల్లెలి మొగుడు ఈశ్వర్‌కి అప్పజెప్పాడు. బండితోపాటే ఆయన నిద్రా పోయింది.

ఆయన భయమంతా టైర్ల గురించి. దూరాలు తిరిగే డ్రైవర్లు దారిలో మంచి టైరు విప్పి అమ్మేసి, అరిగినది బిగించి తెస్తారని స్టాండులో ఎవరో అన్నారు. ఇక బండి కదిలే ముందు టైర్లన్నిటికీ ఫొటో తీసి ఉంచాలనుకున్నాడు. ఫోను ఉంది గాని, "ఫోన్లో బొమ్మ ఎవుడైనా మార్సెయ్యగల్డు" అని దాన్ని నమ్మలేదు. విజయనగరంలో మూసేస్తున్న ఒక స్టూడియోలో పాత డిజిటల్ కెమెరా ఉందని విని, నన్ను సాక్షిగా వెంట తీసుకెళ్లాడు.

స్టూడియో త్రినాథ్ కెమెరా తుడిచి బల్ల మీద పెట్టాడు. మూలల్లో వెండి రంగు పోయింది. బ్యాటరీ మూత ఊడకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"ఎందుకమ్మేస్తన్నావు?"

"ఇప్పుడిది ఎవుడికి కావాల మావా? అందరికీ ఫోన్లున్నాయి."

"ఎవుడికీ అక్కర్లేంది నాకెందుకు అంటగడతన్నావు?"

"నేను పిలిసినానేటి? నువ్వే కదా వొచ్చినావు!"

గోడనీ, ఫ్యానునీ, త్రినాథ్ ముఖాన్నీ ఫొటోలు తీసి, తెర మీద పెద్దవి చేసి చూసుకుని గాని కొనలేదు. తిరుగుబస్సులో పక్క సీటువాడు దిగేదాకా సంచీ మీంచి చెయ్యి తీయలేదు.

మొదటిసారి కెమెరా చూసి ఈశ్వర్ నవ్వాడు. టైరు పక్కన చతికిలబడి, తల దువ్వుకుని, "బావా, దీనికి పెళ్లిసూపులేటి? పక్కన నన్నూ తియ్యి" అన్నాడు. అప్పలసూరి నవ్వలేదు. అతన్ని జరగమని, టైరు మీది నంబరు పడేలా వంగి వంగి తీశాడు. కొన్ని ట్రిప్పులు తిరిగేసరికి ఈశ్వర్ కూడా నవ్వడం మానేశాడు. ఫొటోలు తీస్తున్నంతసేపూ దూరంగా నిలబడి, "అయిపోనాదా, పోలీసు బావా?" అని కేకేసేవాడు.

ఎండాకాలంలో ఒకసారి బండి గరివిడిలో ఎత్తిన సరుకు రాయపూర్‌లో దింపి తిరిగొచ్చింది. అప్పలసూరి దాని చుట్టూ తిరుగుతూ వెనకవైపు ఆగిపోయాడు. ఎడమవైపు లోపలి టైరు నంబరు వేరు. పైగా అది కొత్త టైరు. దొంగ కొత్త టైరెందుకు బిగిస్తాడు? అదే ఆయన్ని ఇంకా కలవరపెట్టింది.

"ఇదేట్రా?"

"కోరాపుట్ దాటినాక పాతది పేలిపోనాది. నేనే కొని ఏసినాను."

"పాతదేదీ?"

ఈశ్వర్ కేబిన్లోంచి చిరిగిన టైరు ముక్క తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పడేశాడు. అప్పలసూరి కెమెరాలో ఫొటో పెద్దది చేసి, ముక్క మీది నంబరుతో ఒక్కొక్క అంకే సరిచూశాడు. అన్నీ కలిశాయి.

"మరి రాగానే సెప్పలేదేటి?"

"సెప్తే నమ్ముదువా?"

అప్పలసూరి కాసేపు నిజంగానే ఆలోచించాడు. "నమ్మను" అన్నాడు.

ఎదురుగా మా అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చున్న నేను తల దించుకున్నాను. ఈశ్వర్ జేబులోంచి బండి తాళం తీసి ఫుట్‌బోర్డు మీద పెట్టాడు.

"తాళానికీ ఫొటో తీసుకో బావా, ఇచ్చినట్టు సాచ్చికం. రేపట్నుంచి నీ కెమెరానే బండి తోల్మను."

"ఒరే ఈశ్వరూ, ఆగరా! అడగడం తప్పేటి?"

అతను వెనక్కి తిరగకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు బండి తోలుతున్నది పార్వతీపురం మనిషి. ఫొటోలు తీస్తుంటే పల్లెత్తు మాటనడు. పైగా తనే టార్చిలైటు పట్టుకుని నంబర్ల మీద వెలుగు వేస్తాడు.

మొన్న అప్పలసూరి మా అరుగెక్కి, కెమెరా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈడేటి మాస్టారూ, ఏటీ అనడు? ఈశ్వర్ గాడైతే తిట్టీవోడు."

చెల్లెలింటికి వెళ్లి ఈశ్వర్‌తో ఒక మాట మాట్లాడి రమ్మన్నాను. ఆయన కెమెరా కేసి చూస్తూ అడిగాడు:

"నేనెల్తే, ఎందుకొచ్చేడో అనుకోడా?"