ఓనరాంటీ నవలకి నేనేసిన మార్కులు

ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వస్తే ముందు పుస్తకాల అట్టపెట్టెలు దించాలా, ఫ్రిజ్ దించాలా అని పోయిన ఆదివారం పొద్దున్నే నేనూ మా ఆయనా వాదించుకున్నాం. అంతవరకూ తెచ్చింది నేనే. అదీ ఒకే ఒక్క పీడీఎఫ్‌తో.

మేం మన్సూరాబాద్‌లో ఒక ఇంటి మొదటి అంతస్తులో కిరాయికి ఉంటాం. ఎనిమిదేళ్లయింది. నేను ఎల్బీ నగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. నీళ్లకి ఇబ్బంది లేదు, బాల్కనీలోకి ఎండొస్తుంది, నా పుస్తకాలకి విడిగా ఒక గది ఉంది. ఇలాంటి ఇల్లు మళ్లీ దొరకదు. ఈ నెలాఖరుతో అగ్రిమెంట్ అయిపోతోంది. కొత్తది రాసివ్వాల్సింది ఓనరాంటీ.

ఓనరాంటీ పేరు అనసూయమ్మ. కింద పోర్షన్‌లో ఉంటారు. మా కాలనీ ఉన్న జాగాలో సగం ఒకప్పుడు వాళ్ల జొన్న చేనట. ఆవిడకి అరవై రెండు, నాకు నలభై తొమ్మిది. ఏ లెక్కన నాకు ఆంటీ అవుతారో తెలీదు గానీ, కిరాయికుండే వాళ్లందరికీ ఆవిడ ఓనరాంటీయే. మనిషి మెత్తన కాదు. గేటుకి అడ్డంగా బండి పెట్టాడని సొంత మరిదితో ఆర్నెల్లు మాట్లాడలేదు.

అలాంటి మనిషి నవల రాశారు.

రాశారంటే చేత్తో కాదు. ఫోన్ ముందు కూర్చుని చెప్తే అదే టైప్ చేసుకుంటుంది. సాయంత్రం నాలుగింటికి మా వంటింటి కిటికీలోంచి వినిపించేది: "నన్ను విడిచి వెళ్లకు రవీ కామా నేను బతకలేను ఫుల్‌స్టాప్." మా ఆయన మొదటిరోజు కంగారుపడి కిందికి వెళ్లబోయాడు కూడా.

ఇలా నాలుగు నెలలు చెప్పి, పీడీఎఫ్ చేయించి, నాకు పంపారు. "నువ్వు శానా సదువుతవ్ గదా పద్మా. నీకు, మా ఆడిబిడ్డకే పంపిన. ఇంకెవ్వలికి పంపకు. సదివి నిజం చెప్పు."

నేను బాగా చదువుతానన్న మాట నిజమే. కూర కలుపుతూ చదువుతాను, స్టాఫ్‌రూంలో చదువుతాను. మూడు పుస్తకాల గ్రూపుల్లో ఉన్నాను. అక్కడ జరిగేది మీకూ తెలుసు. ఎవరో ఒకరు పొద్దున్నే పీడీఎఫ్ పెడతారు. నలభై మంది దండాలు పెడతారు. ఒక్కరూ తెరవరు. కాగితం పుస్తకం ఎరువిచ్చినప్పుడు, తీసుకున్నవాళ్లు మనల్ని చూసి మొహం చాటేసేవాళ్లు. కనీసం చదవలేదన్న సిగ్గు ఉండేది. ఇప్పుడు తిరిగివ్వక్కర్లేదు కాబట్టి చదవక్కర్లేదు. నా ఫోన్‌లోనూ ఉన్నాయి, పేర్లు కూడా గుర్తులేని నవలలు. నేను మాత్రం రచయిత వద్దన్నది ఎవరికీ పంపను. ఆ పట్టింపు ఉంది.

ఇక ఈ మధ్య నవలల గురించి నా అభిప్రాయం అడక్కండి. అడిగారు కాబట్టి చెప్తాను. మొదటి పేజీలో వాన. హీరోయిన్ కాఫీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడుతుంది. ఆ కప్పు ఎవరు కడుగుతారో మూడొందల పేజీల్లో ఎక్కడా ఉండదు. ఉద్యోగం ఉంటుంది, సెలవు అడగదు. ప్రతి అధ్యాయం మూడు చుక్కలతో ముగుస్తుంది, మిగతాది మనం రాసుకోవాలన్నట్టు.

ఓనరాంటీ నవలలో ఇవన్నీ ఉన్నాయి. నాకేమో ఇరవై నాలుగేళ్లుగా ఆన్సర్ పేపర్లు దిద్దే చెయ్యి. ఊరికే చదవలేను. ఫోన్‌లో ఎర్ర రంగు పెట్టుకుని, పేజీ పక్కన కామెంట్లు రాసుకుంటూ పోయాను. నా కోసమే. అధ్యాయానికి పదికి మార్కులు కూడా వేశాను. చదవడం అయ్యాక ఆవిడకి వేరేగా, శుభ్రంగా ఒక మెసేజ్ పెట్టాను: "చాలా సహజంగా ఉంది ఆంటీ. పాత్రలు కళ్లముందు కదిలాయి." ఆవిడ గులాబీ పువ్వు పంపారు. అగ్రిమెంట్ గట్టున పడ్డట్టే అనుకున్నాను.

మొన్న శనివారం మధ్యాహ్నం నేను దిల్‌సుఖ్‌నగర్ బయల్దేరుతుంటే గేటు దగ్గర ఆపారు.

"పద్మా, గా ఫోన్ల సదువుడు నాతోని అయితలేదు. కండ్లు గుంజుతున్నయ్. నీ దగ్గరున్న కాపీనే జిరాక్స్ దుకాణంల ప్రింట్ తీపిచ్చి తెస్తవా? జర సూసుకొని దిద్దుకుంట."

"అదెంత పని ఆంటీ," అన్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు ఎన్నున్నాయో జిరాక్స్ షాపులు అన్నున్నాయి. నేను వెళ్లిన షాపులో ఏదో పరీక్ష హాల్ టికెట్ల గోల. వరసలో నిలబడే షాపు నంబరుకి ఫైలు పంపాను. ఫోన్‌లో ఒకే పేరుతో రెండున్నాయి. పైనున్నది నొక్కాను. కంప్యూటర్ ముందు కూర్చున్నాయన తల తిప్పకుండానే అడిగాడు.

"మేడం, పక్కన ఉన్నయి గూడ రావాల్నా?"

పేజీ నంబర్ల సంగతి అనుకున్నాను. "అన్నీ రావాలండీ. ఒక్కటి కూడా పోకూడదు."

"కలరా?"

కవర్ పేజీ మీద ఆంటీ ఫోటో ఉంది కదా అని, "కలరే," అన్నాను.

నా అంతట నేనే అన్నీ సమకూర్చాను, చూశారా. స్పైరల్ వేసి, కవర్లో పెట్టి ఇచ్చాడు. మెట్రోలో ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ఇంకేదో నవల చదువుకుంటూ వచ్చాను. ఒళ్లోది మాత్రం తెరవలేదు. గేటు దగ్గర ఆంటీ చేతికిచ్చాను. ఆవిడ దాన్ని కళ్లకద్దుకున్నారు.

పైకొచ్చి, ఇక మార్కులున్న ఫైలు ఫోన్‌లో ఎందుకు, తీసేద్దామని రెండోది తెరిచాను. తెల్లగా ఉంది. ఒక్క ఎర్ర గీత లేదు. ఇది ఆవిడ పంపిన కాపీ. మరి నేను పంపింది?

షాపు చాట్‌లో ఉన్నది తెరిచాను. మొదటి పేజీ పక్కనే ఎర్ర డబ్బా: "మొదటి వాక్యంలోనే వాన. వీళ్లకి ఎండాకాలం రాదా?"

అలా పేజీలు తిప్పాను. "అడిగింది రాయలేదు." "అనవసరం, అనవసరం, అనవసరం." "రవి పక్కన ఎప్పుడూ ఉండే ఈ కామా ఎవరు?" ఆరో అధ్యాయం, పదికి రెండు.

చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి వెళ్లాను. ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. ముందు స్పైరల్ పుస్తకం తెరిచి ఉంది.

"ఆంటీ, షాపతను ఫోన్ చేశాడు. పేజీలు తారుమారయ్యాయట. ఇస్తే మార్పించి తెస్తాను."

"నేను సూసిన. నంబర్లు సక్కగనే ఉన్నయ్."

"కాదాంటీ, మధ్యలో ఏవో..."

"పద్మా." తల ఎత్తలేదు. "సదువుతున్న. పో."

పైకొచ్చి జరిగింది చెప్తే మా ఆయన నింపాదిగా విన్నాడు.

"మార్కులు కూడా వేశావా?"

"పదికి."

"ఎక్కువెంత?"

"ఒకదానికి నాలుగొచ్చాయి."

"ఏం రాస్తే వచ్చాయి నాలుగు?"

"అది చిన్న అధ్యాయం."

ఫోన్ తీసి నాగోల్ వైపు టూ బెడ్‌రూం పోర్షన్లు వెతకడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం కింద నుంచి కామాలు, ఫుల్‌స్టాప్‌లు ఏమీ వినపడలేదు. ఆదివారం పొద్దున ఏడైనా నీళ్ల మోటర్ వెయ్యలేదు. "మొదలైంది," అన్నాను. "కరెంటు లేదే తల్లీ," అన్నాడు మా ఆయన. అయినా నాకు నమ్మకం కలగలేదు. ఫ్రిజ్ గురించి వాదించుకున్నది అప్పుడే.

పదింటికి కింద నుంచి పిలుపొచ్చింది.

"పద్మా, కిందికి రా. ఎర్ర పెన్ను పట్టుకరా."

పెన్ను ఎందుకో అర్థం కాలేదు. అగ్రిమెంట్ మీద సంతకం నీలం పెన్నుతో కదా పెట్టేది. పట్టుకుని వెళ్లాను. ఆవిడ ఎదురు కుర్చీ చూపించి, మొదటి పేజీ తీశారు.

"వాన ఎందుకన్నవ్?"

"అంటే ఆంటీ, ఊరికే..."

"నువ్వే రాసినవ్. 'మన్సూరాబాద్‌లో వాన పడితే ఎవరూ కాఫీ తాగరు, ఆరేసిన బట్టల కోసం డాబా మీదికి పరిగెత్తుతారు.' రాసినవా లేదా?"

"రాశాను."

"నిన్న రాత్రి అన్నం తినుకుంట ఆలోచన జేసిన. నిజమే. నా బతుకుల నేను కిటికీకాడ ఒక్కపారి గూడ నిలవడలే." ఆ పేజీ తిప్పేశారు. "గీ కామాలు మా కోడలు తీసేస్తనన్నది. మర్చిపోయింది. నీది తప్పు లేదు. గిదేంది, రెండు మార్కులు? మా ఆడిబిడ్డ గిది సదివి ఏడ్సిన అన్నది."

"ఎక్కడ ఏడ్చారట?" నోరు ఊరుకోలేదు.

"గదే అడిగిన. అన్ని జాగలల్ల అన్నది." పేజీ మూల మడిచారు. "సదవలే అది."

ఇలా పేజీ పేజీకీ సంజాయిషీ. కొన్నిటికి ఒప్పుకున్నారు. కొన్నిటికి నాతో గట్టిగా కొట్లాడారు. కోపమో కాదో మొహంలో తెలియదు. అగ్రిమెంట్ మాట ఎత్తుదామంటే సందివ్వలేదు. చివరికి పన్నెండో అధ్యాయం దగ్గర ఆగి, వేలు పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని నా కామెంటు పైకి చదివారు.

"'పై పోర్షన్‌లో ఉండే ఈ సరోజ పాత్ర పూర్తిగా అతిశయోక్తి. ఎప్పుడు చూసినా చేతిలో ఫోన్, చదువుతూ మెట్లు దిగుతుంది, పాలు పొంగిస్తుంది, పలకరిస్తే వినపడదు, మళ్లీ అందరి తప్పులూ తనే చెప్తుంది. ఇలాంటి మనిషిని ఏ ఇల్లుగలామె భరిస్తుంది? నమ్మశక్యంగా లేదు. తీసేయాలి. పదికి ఒకటి.'"

"అది మాత్రం నిజం ఆంటీ," అన్నాను. అప్పటికి కొంచెం ధైర్యం వచ్చింది. "మిగతా పాత్రలు ఎక్కడో ఒకచోట కనిపిస్తాయి. ఇలాంటి ఆడమనిషి మాత్రం ఉండదు."

ఆవిడ నా మొహంలోకి చూశారు. తర్వాత టేబుల్ కింద నా కాలి వైపు చూశారు.

"బొటనవేలికి గా పట్టీ ఏంది?"

"మొన్న మెట్ల మీద..." అని ఆగిపోయాను.

"మెట్ల మీద ఏమైంది?"

ఫోన్‌లో చదువుతూ దిగుతున్నానని ఆవిడకి చెప్పాల్సిన పని లేదు కదా. అదే మాట పన్నెండో అధ్యాయం రెండో పేరాలో ఉంది. మళ్లీ చదవాలనిపించి పుస్తకం నా వైపు తిప్పుకున్నాను. సరోజ మాట్లాడే తీరు, 'అదెంత పని ఆంటీ' అనడం, అన్నీ ఉన్నాయి. ఒక్క జువాలజీ బదులు బోటనీ పెట్టారు.

"ఆంటీ," అన్నాను. "అగ్రిమెంట్ ఈ నెలాఖరుకి..."

"రాసిస్త తియ్యి. రెండో భాగం మొదలువెట్టిన. మొత్తం సరోజదే. నువ్వు ఖాళీ చేసి పోతె ఎవలను జూసి రాయాలె?" పెన్ను వైపు చూపించారు. "గా మార్కు సంగతి జూడు ముందు. నమ్మొస్తదా రాదా ఇప్పుడు?"

పెన్ను తీశాను. ఒకటి కొట్టేసి తొమ్మిది వేశాను. పక్కన సంతకం కూడా పెట్టమన్నారు, పెట్టాను.

ఇరవై నాలుగేళ్ల సర్వీసులో ఎంతమంది పిల్లలు వచ్చి బతిమాలినా రీవాల్యుయేషన్‌లో ఒక్క మార్కు కలిపినదాన్ని కాదు. మొదటిసారి కలిపాను. అదీ నాకే.