మామ దొరికాడు, సీటు పోయింది

ఆ రోజుల్లో మర్యాద నేర్పడానికి పీరియడ్ ఉండేది కాదు, అవ్వ ఉండేది. ఇప్పుడు కోయంబత్తూరు పీలమేడులో మా మనవరాలి బడిలో దానికి 'సోషల్ స్కిల్స్' అని పేరు పెట్టి, క్లాసు జరిపి, మార్కులు కూడా వేస్తున్నారు. మొన్న అది నా ముందు నిలబడి పాఠం ఒప్పజెప్పింది: కొత్తవాళ్లను చూస్తే ముందు నవ్వాలట, ఏ ఊరని అడగాలట, ఇద్దరికీ కలిసే సంగతేదో వెతికి పట్టుకోవాలట. వింటుంటే ఒళ్లు మండిపోయింది. సరిగ్గా ఈ విద్య చూపించినందుకే కదా నాకు హైస్కూల్లో చదివే యోగం లేకుండా పోయింది.

కారమడై దగ్గర మా ఊళ్లో చుట్టూ అరవం, మధ్యలో మావి నాలుగు తెలుగిళ్లు. అందుకని తెలుగు మాట వినబడితే ఆ మనిషిని వదలకూడదని మా అమ్మను కన్న అవ్వ చట్టం చేసింది. ఊరు, ఇంటిపేరు, అమ్మ పుట్టిల్లు అడిగి, వరస తేల్చి, అన్నో మామో అని పిలిచాకే మంచినీళ్లు. (దాహంతో వచ్చినవాళ్ల గతి ఏమిటని ఎవరూ అడగలేదు.)

మా ఊరి బడిలో చదువు ఐదో తరగతితో సరి. నాన్న నన్ను కోయంబత్తూరులో ఒక హైస్కూలుకు తీసుకుపోయాడు. సీటు రాకపోతే తోటకు నీళ్లు కట్టడమేనని బస్సులోనే చెప్పాడు. హెడ్మాస్టరు గారు తమిళంలో లెక్కలడిగారు, చెప్పాను. ఇంగ్లీషులో వారాల పేర్లడిగారు, అవీ చెప్పాను. ఆయన మెచ్చుకుని, చేర్చుకుంటున్నట్టు నాన్నతో అంటూనే, నీళ్లు తెమ్మని ప్యూనుతో తెలుగులో అన్నారు. అంతే, నాలో అవ్వ లేచి కూర్చుంది. నాన్న వెనకనుంచి చొక్కా లాగుతున్నా ఆగలేదు.

"సార్, మీది యా ఊరు? ఎవరిల్లు?"

ఆయన ముచ్చటపడి చెప్పారు. అమ్మ పుట్టిల్లు కూడా అడిగాను. ఆయన అమ్మా, మా అవ్వా ఒకే ఇంటి అన్నదమ్ముల బిడ్డలని తేలింది.

"అట్లయితే మీరు నాకు మామ సార్."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "సొందక్కారోళ్లకు సీటియ్యనని కమిటీ ముందర మాటిచ్చినాను కణ్ణూ." (చుట్టాలను మేము అట్లానే అంటాం.) "నువ్వు అడక్కుండా ఉంటే నాకు తెలిసుండదు. ఇప్పుడు తెలిసిపోయె కదరా."

సీటు ఇవ్వలేదు గాని, మామ కాబట్టి ఇంటికి తీసుకుపోయి భోజనం పెట్టించారు, బీరువా తెరిచి మోయగలిగినన్ని పుస్తకాలిచ్చారు. తిరుగు బస్సులో నాన్న నా ముఖం చూడలేదు. అవ్వ మాత్రం పొంగిపోయింది. "సీటు పోతే పోయె, చెల్లెలి కొడుకు దొరికె" అని, మామ ఇంటికి ఒట్టి చేతులతో పోయినందుకు నాన్ననే తిట్టింది. అప్పటినుంచి ప్రతి సెలవులకూ మామ బీరువాలోంచి పుస్తకాలొచ్చేవి. తోటలో పంపుసెట్టు పక్కన కూర్చుని చదివిన ఆ చదువే నా చదువు.

పోయిన వారం మనవరాలి బడికి పెద్దవాళ్లను పిలిస్తే, పోట్లాడదామనే పోయాను. ఆ సోషల్ స్కిల్స్ టీచరమ్మ చిన్నపిల్ల. మనవరాలు నాతో గుసగుసలాడిన తెలుగు విని, ముఖం విప్పారి, "మేమూ తెలుగోళ్లమే తాతా, తేని ఊరి పక్క. మీది ఎవరిల్లు?" అంది.

నోటిదాకా వచ్చింది, మింగేశాను. వరస తేలితే పిల్ల మార్కులకు ఎక్కడ ఎసరొస్తుందోనని భయం. మనవరాలేమో, తాతకు మాట్లాడడం రాదన్నట్టు సిగ్గుపడి చూస్తోంది.

"మార్కులు వేసేసినావామ్మా?" అన్నాను.

"అన్నీ వేసినాను తాతా."

అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. "అయితే చెప్పు, తేనిలో మీ అమ్మ పుట్టిల్లు ఏది?" ముందు మార్కులు, తర్వాత వరస అన్న ఈ ఒక్క పాఠం మాత్రం అవ్వా నేర్పలేదు, మామ పుస్తకాల్లోనూ లేదు. ఇన్నేళ్లకు నాకై నేనే నేర్చుకున్నాను.