నాలుగు సాయంత్రాల జ్వరం

అయిదేళ్లుగా ఒక థర్మామీటర్ బరువు మోస్తున్నాను. వేలెడంత గాజుపుల్ల అంత బరువా అని మీరు నవ్వొచ్చు. ఇంకొకరి సంగతైతే నేనూ నవ్వేవాణ్ణి.

పటాన్‌చెరు దగ్గర ఒకే ఫ్యాక్టరీలో అన్నయ్యా నేనూ పనిచేసేవాళ్లం. అన్నయ్య గుండెలో కవాటం చెడిపోతే, సిటీ ఆసుపత్రిలో కొత్తది వేశారు. ఇంటికి పంపుతూ డాక్టరు ఒకటే చెప్పారు: రోజూ సాయంత్రం జ్వరం చూసి నోటుబుక్కులో రాయాలి, కాస్త పెరిగినా వెంటనే తీసుకురావాలి. వదినకు చదువు రాదు. రాసే పని నాది.

ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి ఇంకా నాలుగు రోజులుంది. నాటకంలో నవ్వించే వేషం నాది. ఆ సాయంత్రం పాదరసం నూరు దగ్గర నిలిచింది. ఆసుపత్రికి వెళ్తే వేషం ఇంకొకడికి పోతుంది. థర్మామీటరు విదిలించి పాదరసం దించేసి, తొంభై ఎనిమిది అని రాశాను.

“తమ్మీ, జెర సలి పెడ్తుందిరా.”

“కోసినోళ్లు కిటికీ మూసుడు మర్చిపోయిన్రేమో అన్నా.”

“నీ నోట్లె మన్ను వడ! నవ్వియ్యకురా, కుట్లు తెగుతయ్.”

మళ్లీ చలి మాట ఎత్తలేదు. తమ్ముడు చూస్తున్నాడు కదా అనుకున్నాడా? చెబితే ఎగతాళి చేస్తానని ఊరుకున్నాడా? తర్వాత మూడు సాయంత్రాలూ నేను విదిలిస్తూనే ఉన్నాను.

వార్షికోత్సవానికి దుప్పటి కప్పుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నా మాటలకు నవ్వు ఆపుకోలేక వణికిపోతున్నాడనుకున్నారు పక్కవాళ్లు. అది నవ్వు కాదని స్టేజీ మీద నాకొక్కడికే తెలుసు. తెలిసీ తర్వాతి మాట అందుకున్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

మర్నాడు అన్నయ్య కాలు చల్లబడింది. ఆసుపత్రిలో డాక్టరు నా నోటుబుక్కు తిరగేసి, జ్వరం ఆ రోజే మొదలైందనుకుని రెండు రోజులు వేరే కారణాలు వెతికారు. పక్కనే నిలబడ్డాను. చివరికి కాలి రక్తనాళంలోంచి తీసిన గడ్డలో బూజు కనిపించింది. రొట్టెకు పట్టే బూజు లాంటిదే, కొత్త కవాటం మీద పెరిగిందట. ఆసుపత్రిలో చేరిన పదో రోజు అన్నయ్య పోయాడు.

ఆ బూజు పట్టాక బతికేవాళ్లు తక్కువని డాక్టరు ఓదార్చారు. తక్కువ అన్నారు. లేరనలేదు.

వదిన ఆ నోటుబుక్కు ట్రంకుపెట్టెలో దాచింది. వచ్చినవాళ్లకు తీసి చూపిస్తుంది. “మా మర్ది ఒక్కనాడు తప్పకుంట రాసిండు” అంటుంది.

అసలు అంకెలు ఇవి: నూరు. నూటొకటి. నూటొకటిన్నర. నూటరెండు.

ఈసారి విదిలించలేదు.