గుడ్డ కవచం

మా పక్కింటి దర్జీ బాబాయిగారు పోయిన నెల కాలం చేశారు. నేను పూజలో ఉండగా తమ్ముడు గుమ్మంలో నిలబడి చెప్పాడు. చేతిలో హారతి ఆరిపోయేదాకా అలాగే ఉండిపోయాను. ఆయన గురించి ఒక మాట రాయాలి. పదేళ్లుగా చెప్పని మాట.

అమలాపురంలో దసరాకు కత్తులు తిప్పే తాలింఖానా మీకు తెలిసిందే. మా వీధి కుర్రాళ్లకు కవచాలు బాబాయిగారే కుట్టేవారు. ఇనుముతో కాదు, గుడ్డతో. ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరముక్కలు పన్నెండు పొరలు పేర్చి, గంజి పట్టించి, దగ్గర దగ్గరగా కుట్టేవారు. భుజాల దగ్గర పొరల మధ్య గేదె తోలు పెట్టేవారు.

“పూర్వం సిపాయిలు ఇయ్యే తొడుక్కునేవోరండీ. ఇనుం ఎండకి కాల్తాది. ఇదైతే మనిషితోపాటు వంగుతాది,” అనేవారు.

కుట్టడం అయ్యాక తానే తొడుక్కుని, పిన్నిగారి చేతికి కర్ర ఇచ్చేవారు.

“కొట్టవే. ఏడాదికి ఈ ఒక్కరోజే నీకు హక్కు.”

“మిగతా రోజులు నన్నెవరాపేరంట?” అనేవారావిడ.

పదేళ్ల కిందట దసరాకు తమ్ముడి కవచం ఒకరోజు ముందే మా ఇంటికి వచ్చింది. అమ్మవారి ముందు ఆడేవాడి ఒంటిమీద తోలేమిటని నాకు మనసొప్పలేదు. ఎవరికీ చెప్పకుండా భుజం దగ్గర కుట్టు విప్పి, తోలు తీసేసి, కొత్త తువ్వాలు మడిచిపెట్టి కుట్టేశాను. మంచిపనే చేశాననుకున్నాను.

మర్నాడు ఎదుటివాడి కత్తి గురి తప్పి తమ్ముడి భుజంలో దిగింది. ఆ చెయ్యి ఈనాటికీ పైకి లేవదు.

ఆసుపత్రి వరండాలో బాబాయిగారు ఆ కవచం తిరగేసి చూశారు. నా కుట్టు మీద ఆయన వేలు ఆగింది. తలెత్తి నన్ను చూశారు.

“తోలు మిగుల్చుకున్నారేంటండీ దర్జీగారూ?” అన్నారెవరో.

“పొరపాటు నాదేనండీ,” అన్నారాయన.

నేను నోరు విప్పలేదు. మరుసటి ఏడు ఆయనకు కవచం కుట్టమని ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాతా చెప్పలేదు. ఆయన దిండుగలీబులు కుట్టుకుంటూ బతికారు. వీధిలో ఎదురైతే మాత్రం, “బాగున్నారా పెద్దమ్మాయిగారూ?” అని ఎప్పటిలాగే పలకరించేవారు. “ఆయ్, బాగున్నానండీ,” అనేదాన్ని.

ఆయన పోయాక ముందు తమ్ముడికి చెప్పాను. వాడు లేచి బయటికి వెళ్లిపోయాడు. పదో రోజున పిన్నిగారి దగ్గరికి వెళ్లి చెప్పాను.

“ఆయనకి తెలుసమ్మా. ‘భక్తితో చేసింది, పిల్లనేం అనకు’ అన్నారు. నేనేమీ అన్లేదు. మీరే ఎప్పుడొస్తారా అని చూసేను. ఆయనున్నప్పుడు.”

పీట నా వైపు జరిపారు. నేను కూర్చోలేకపోయాను. ఆవిడ రెండోసారి కూర్చోమనలేదు.